వెంట్రుక మందం

పోయిన నెల మా ఇంటికి ఒక కవరు వచ్చింది. మూడు పోస్టాఫీసుల ముద్రలు పడి, ఒక మూల చిరిగి ఉంది. దాని మీద నా పేరుకు ముందు ‘ఫిట్టర్’ అని రాసి ఉంది. నేను రిటైరై కొన్నేళ్లయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అందరూ నన్ను మేడమ్ అనే పిలిచారు. ఫిట్టర్ అని పిలిచిన మనిషి ఒక్కరే. కానీ కవరు మీది చేతిరాత ఆవిడది కాదు. లోపల ఆవిడ కూతురు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసింది. అమ్మ పోయింది, తొంభై దాటాయి కాబట్టి మరీ బాధపడకండి, పోయే వారం ముందు కూడా తోటపని కత్తెరకు తనే సాన పెట్టుకుంది, మీ చిరునామా అమ్మ పుస్తకంలో ఇలాగే ఉంది కాబట్టి నేనూ ఇలాగే రాశాను, అని.

చదివి కాగితం మళ్లీ కవర్లో పెట్టాను. తర్వాత నవ్వొచ్చింది. ఆవిడ గుర్తొస్తే ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆ పేరులో అచ్చులు తక్కువ. అడవి మధ్య ఇనప గని ఉన్న మా కిరండూల్‌లో ఒక్కరికీ నోరు తిరగలేదు. చెకోస్లోవాకియా అనే దేశం ఇంకా ఉన్న రోజులవి. దేశం పేరు కూడా నోట్లో పట్టక జనం ‘చెక్ మేడమ్’ అన్నారు. వారం తిరక్కుండానే అది ‘చెక్క మేడమ్’ అయింది. ఇనప పని నేర్పడానికి అంత దూరం నుంచి వచ్చిన మనిషికి అదేం పేరని మా ప్రిన్సిపాల్ గారు నొచ్చుకున్నారు. నేను అర్థం చెప్పాక ఆవిడ మాత్రం తెగ మురిసిపోయింది. వాళ్ల నాన్న వడ్రంగి అట. ఆయన బతికుంటే ఈ పేరు విని పండగ చేసుకునేవాడంది.

నేనప్పుడు గని వాళ్ల శిక్షణ కేంద్రంలో టైపిస్టును. మా వాళ్లది విజయనగరం వైపు. నాన్న రైల్వేలో కీమ్యాన్. ఇనపరాయి వేసుకుని విశాఖపట్నం పోయే బళ్ల కోసం పట్టాల వెంట రోజంతా నడిచి, వదులైన చోటల్లా బిగించడం ఆయన పని. నాకు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, మిషన్ స్కూల్లో ఇంగ్లీషు వచ్చేశాయి. అందుకని చెక్క మేడమ్ పాఠం చెప్తుంటే పక్కన నిలబడి హిందీలోకి మార్చే పని కూడా నా నెత్తిన పడింది.

ఆవిడ తన దేశంలో వృత్తి విద్య నేర్పే గురువులకే గురువు. ఇక్కడికి ఒక ఏడాదికి విజిటింగ్ స్కాలర్‌గా వచ్చింది. కొంటా, బీజాపూర్ వైపు అడవి పల్లెల నుంచి ఇరవై మందిని తెచ్చి, ఏడాది నేర్పి, గని వర్క్‌షాపులో మరమ్మతు పనికి పెట్టుకోవాలన్నది అప్పటి పథకం. పరీక్ష పాసైతే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. ఆ ఇరవై మందిలో సగానికి పైగా పెళ్లాం పిల్లలున్నవాళ్లే. కిష్టారం నుంచి వచ్చిన సోడి ముత్తయ్యకు ముప్పై దాటాయి. ఇంటి దగ్గర నాలుగు నెలల వ్యవసాయం, మిగతా కాలం తునికాకు, ఇప్పపువ్వు ఏరడం. అతనికి దోర్లీ, తెలుగు, గోండీ బాగా వచ్చు, హిందీ సంతకు సరిపోయేంత వచ్చు. తరగతి హిందీలోనే నడవాలన్నది ప్రిన్సిపాల్ గారి నియమం. నా హిందీని మిగతావాళ్లకు వాళ్ల వాళ్ల మాటల్లో చెప్పే పెద్దరికం ముత్తయ్య తన మీద వేసుకున్నాడు.

మొదటి పది రోజులు ఆవిడ నిలబడి ఉపన్యాసాలు చెప్పింది. పొట్టి మనిషి. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, తలకు రుమాలు కట్టుకుని, బోర్డు మీద తెగ బొమ్మలు వేసేది. ఆవిడ ఒక వాక్యం చెప్పి ఆగేది. నేను హిందీలో చెప్పేదాన్ని. ముత్తయ్య వెనక్కి తిరిగి చెప్పేవాడు. మూడో వరసలో ఇంకెవరో గోండీలో గొణిగేవారు. ఆ మాట చివరి బల్ల దాకా చేరేదాకా ఆవిడ సుద్దముక్క పట్టుకుని ఓపిగ్గా నిలబడేది. అందరూ తలలూపేవారు. ఆవిడకు తృప్తిగా ఉండేది.

పదో రోజున కొలతల గురించి చెప్పింది. ఒక ముక్క ఇంకో ముక్కలో కూర్చోవాలంటే వెంట్రుక మందం తేడా కూడా పనికిరాదు, అంది. నేను హిందీలో ‘బాల్ బరాబర్’ తేడా కూడా ఉండకూడదని చెప్పాను. వెంట్రుకంత అని నా అర్థం. ముత్తయ్య చెప్పాడు. చివరి బల్ల దాకా పోయింది. అందరూ తలలూపారు.

మర్నాడు సెలవు, ఆపైన సోమవారం. ఆవిడ తరగతిలో అడుగు పెట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇరవై మందికీ ఒకే ఎత్తున జుట్టు కత్తిరించి ఉంది. కొందరికి నెత్తి మీద నూనె మెరుస్తోంది. ఆదివారం సంతలో మంగలి దగ్గర వరస కట్టారట. ఏమైందో కనుక్కోమని ఆవిడ నా వైపు చూసింది. నియమం పక్కన పెట్టి నేను ముత్తయ్యను తెలుగులోనే అడిగాను.

“ఏంది మేడమ్, మీరే గదా చెప్పింది,” అన్నాడు ముత్తయ్య. “బాల్ బరాబర్ ఉండాలె, జర్ర గూడ ఫరక్ ఉండొద్దని. అందరం ఒక్క తీరుగ కొట్టించుకొచ్చినం. పామేడు నుంచి వచ్చినాయన కొట్టించుకోనంటే నేనే సముదాయించిన.”

ఈ మాట నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ఆవిడ నవ్వు మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ నిలబడలేక నేల మీద కూలబడింది. వాళ్లు కూడా, ఎందుకో తెలియకపోయినా, కలిసి నవ్వారు. అంతలో ఆవిడ నవ్వు ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని మెల్లగా నన్ను అడిగింది: ఈ పది రోజుల్లో నేను చెప్పినవన్నీ ఇలాగే చేరి ఉంటాయా, అని.

ఆ రోజు నుంచి ఆవిడ ఉపన్యాసం మానేసింది. బోర్డున్న గదికి తాళం వేయించి అందరినీ వర్క్‌షాపులోకి తీసుకుపోయింది. ఒక్కొక్కరికి ఒక ఇనప ముక్క, దాన్ని అరగదీయడానికి సన్నటి పళ్లున్న ఒక ఆకురాయి. వాళ్ల వెనక నిలబడి, తన చేతులు వాళ్ల చేతుల మీద వేసి ఆకురాయి నడిపించేది. కాళ్లు ఎలా పెట్టాలో తన బూటుతో వాళ్ల చెప్పులను జరిపి చూపేది. ముక్క నునుపు తేలిందో లేదో కళ్లు మూసుకుని బొటనవేలి గోటితో గీసి చెప్పేది. నోటితో చెప్పడానికి రెండే తెలుగు మాటలు పెట్టుకుంది. ఒకటి ‘చాలు’, రెండోది ‘మళ్లీ’. ఆ రెండూ మా అమ్మ అన్నం వడ్డిస్తుంటే నేర్చుకుంది. ఫిట్టర్ పని నేర్పడానికి ఏ భాషలోనైనా ఈ రెండు మాటలకు మించి అక్కర్లేదని, ఇన్నేళ్లు తను దండగ మాటలు చాలా మాట్లాడానని అనేది. సంతలో బేరానికి కూడా అవే వాడేది. వంకాయలమ్మే ఆమె ధర చెప్తే ‘మళ్లీ’ అనేది. ఆమె తగ్గించి చెప్తే ఇంకోసారి ‘మళ్లీ’. తనకు నచ్చిన ధర వచ్చినప్పుడు ‘చాలు’.

పాఠాలు లేవు కాబట్టి నా పని తప్పింది, ఇక టైపు మిషన్ దగ్గరికి పోతానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. నువ్వు ఇన్నాళ్లు ఆకురాయి గురించి చెప్పావు, ఎప్పుడైనా పట్టుకున్నావా, అని అడిగింది. లేదన్నాను. పట్టుకోని వస్తువు గురించి చెప్తే అది జుట్టు కత్తిరింపుకే పోతుందంటూ ఒక ముక్కను బల్లకున్న ఇనప పట్టులో, వైసులో, బిగించి నా చేతికి ఆకురాయి ఇచ్చింది. ఎవరికి ఏ పనిబల్లో రాసుకునే పుస్తకంలో ఇరవై పేర్ల కింద ఇరవై ఒకటోదిగా ‘ఫిట్టర్ సత్యవతి’ అని రాసింది. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను ఫిట్టర్ అనే పిలిచింది.

రోజూ ఆఫీసు పని అయ్యాక గంటసేపు ఇనుము రుద్దేదాన్ని. అరచేతులు బొబ్బలెక్కాయి. గోళ్లలో ఇనప రజను ఇరుక్కుని ఎంత తోమినా పోయేది కాదు. నాన్న చూసి అన్నం దగ్గర పేచీ పెట్టాడు.

“ఒలే, నీకు ఇంగిలీసు సదువు సెప్పించింది ఇనుము గీకడానికేటి? కుర్సీలో కూకుని టైపు కొట్టుకోక నీకెందుకే ఈ గోల? మేం పడతన్న పాట్లు సాలవా?”

అమ్మ ఏదో సర్ది చెప్పబోయింది. ఆయన కంచం తీసుకుని వాకిట్లోకి పోయి తిన్నాడు. తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. నా చేతుల వైపు చూడటం కూడా మానేశాడు. తిడితే బావుండేదనిపించేది.

అమ్మకు మాత్రం చెక్క మేడమ్ అంటే తగని ఇష్టం. ఆదివారం మధ్యాహ్నం మా క్వార్టరుకు వచ్చి పీట మీద కూర్చుని గోంగూర అన్నం చేత్తో కలుపుకుని తినేది. ఒకసారి అమ్మ కత్తిపీట మొద్దుబారి బెండకాయ నలుగుతుంటే చూసి, సంచిలోంచి సానరాయి తీసి దాని పని పట్టింది. మర్నాడు అమ్మ వేలు తెగింది. ఆ సంగతి వింటే ఆడవాళ్లు దడుచుకుంటారనుకున్నాను. అమ్మ వేలికి కట్టు కట్టుకుని ఆ కత్తిపీట గొప్ప లైనంతా చెప్పుకుంది. పై ఆదివారానికి రైల్వే క్వార్టర్ల ఆడవాళ్లు పదిహేను మంది కత్తిపీటలు పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డారు. ఆవిడ ఒక్కొక్కదానికీ సాన పెడుతూ, అది ఎక్కడ వంగిందో, ఎవరు దాన్ని రాయి మీద గీశారో సైగలతో తిడుతూ, సాయంత్రం దాకా కూర్చుంది.

సంతకు పోతే కూరగాయల కంటే ముందు కమ్మరి దగ్గరికి పోయేది. గొడ్డలి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచే ముసలాయన ఒకడుండేవాడు. ఇనుము ఏ రంగుకు వస్తే ముంచాలో ఆయన గడియారం లేకుండా చెప్తాడు. ఆవిడ అరగంట నోరు మెదపకుండా చూసింది. తర్వాతి బుధవారం ఆయన్ను కొలిమి తిత్తితో సహా వర్క్‌షాపుకు పిలిపించి, తను పోయి ముత్తయ్య పక్కన బల్ల మీద కూర్చుంది. ఆ పూటకు ఆయనే గురువు. ఆయన గోండీలో చెప్పింది ముత్తయ్య తెలుగులో నాకు, నేను ఇంగ్లీషులో ఆవిడకు. ఆవిడ చివర్లో లేచి నిలబడి, తను విన్నది సరిగ్గా విన్నదో లేదో ఒక ఉలిని కాల్చి ముంచి చూపించింది. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టి, ఇంకో ఉలి ఇచ్చాడు. ఏమన్నాడని ఆవిడ అడిగింది. మళ్లీ అంటున్నాడు, అన్నాను. ఆవిడకు అంత సంతోషం నేను మరెప్పుడూ చూడలేదు.

ఇదంతా బాగానే ఉంది గానీ, మా శిక్షణ కేంద్రం నుంచి నెలనెలా పై ఆఫీసుకు ఒక నివేదిక పోవాలి. అందులో విదేశీ పండితురాలు ఇచ్చిన ఉపన్యాసాలు ఎన్ని అనే గడి ఉంది. టైపు చేసేది నేనే. సున్నా అని ఎలా పంపుతామని ప్రిన్సిపాల్ గారు తల పట్టుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఏదో ఒక అంకె వెయ్యమని ఆవిడను బతిమాలారు. ఆవిడ సున్నానే కొట్టించింది. అలా ఆరు సున్నాలు పోయాక ఇద్దరు ఆఫీసర్లు జీపులో వచ్చారు.

ఒకాయన పెద్దవాడు, బట్టతల. ఇంకొకాయన కుర్రవాడు, చేతిలో ప్రశ్నల కాగితం. కుర్ర ఆఫీసరు ఇరవై మందినీ వరసగా నిలబెట్టి హిందీలో అడిగాడు. ఆకురాయిలు ఎన్ని రకాలు? ఒక్కొక్కదాని ఉపయోగం చెప్పు. ఒక్కరూ నోరు విప్పలేదు. ముత్తయ్య చెమటలు కక్కుతూ నేల చూశాడు. అప్పటికి అతను పట్టుకుని చూసి ఏ ఆకురాయి దేనికో చెప్పగలడు, కళ్లకు గంతలు కట్టినా. కుర్ర ఆఫీసరు కాగితం మీద రాసుకుంటూ, వీళ్లకు ఏమీ రాదు, పరీక్ష దండగ, హాజరు పత్రం ఇచ్చి ఇంటికి పంపేద్దాం, అన్నాడు. నేను ఆ మాట ఇంగ్లీషులో ఆవిడకు చెప్పాను. ఇరవై ఇళ్ల సంగతి అది. కొందరు ఉన్న ఎద్దులు అమ్మి ఇంట్లోవాళ్లకు ఏడాది తిండి గింజలు పెట్టి వచ్చారు.

చెక్క మేడమ్ కోప్పడలేదు. పాఠం వినడానికే కదా వచ్చారు, రండి, ఈ రోజు ఉపన్యాసం ఇస్తాను, అంది. ఆరు నెలలుగా మూసి ఉన్న గదికి తాళం తీయించి, దుమ్ము దులిపించి, ఆఫీసర్లిద్దరినీ ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. మా వాళ్లు వెనక. సుద్దముక్క తీసుకుని మొదలుపెట్టింది. ఇంగ్లీషులో కాదు, చెక్ భాషలో.

నేను ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాను. నన్ను కూర్చోమని సైగ చేసింది. ఇరవై నిమిషాలు మాట్లాడింది. చదునైనది, అర్ధచంద్రం, గుండ్రనిది, ముక్కోణం, నాలుగు ఆకురాయిల బొమ్మలు వేసి, పళ్ల కోణాలు గీసి, మధ్యలో ఒక చతురు కూడా చెప్పి తనే నవ్వింది. తర్వాత బల్ల దగ్గరికొచ్చి కుర్ర ఆఫీసరును చెక్ భాషలో ఏదో అడిగి, జవాబు కోసం మర్యాదగా ఎదురుచూసింది. ఆయన అటూ ఇటూ చూశాడు. బోర్డు మీద సున్నా వేసింది. పెద్దాయనను అడిగింది. ఇంకో సున్నా. అప్పుడు ముత్తయ్య వైపు తిరిగి అదే ప్రశ్న అదే భాషలో అడిగి, బోర్డు మీద లోపలికి వంపు తిరిగిన ఒక ముక్క బొమ్మ గీసింది. ముత్తయ్య లేచి వర్క్‌షాపులోకి పోయి, ఆ వంపులో సరిగ్గా ఆనే అర్ధచంద్రం ఆకురాయి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

పెద్దాయన బొజ్జ కదిలేలా నవ్వాడు. “సమఝ్ గయే మేడమ్,” అర్థమైపోయింది అని, వీళ్లకు నోటి పరీక్ష వద్దు, చేతి పరీక్షే పెట్టమని అక్కడికక్కడే రాసిచ్చాడు. కుర్ర ఆఫీసరు నవ్వలేదు. పోయేటప్పుడు ఆవిడకు నమస్కారం కూడా పెట్టలేదు.

పరీక్షలో ఆరు పలకల ముక్క తయారు చేసి అది ఆరు పలకల కన్నం ఉన్న దిమ్మలో ఎటు తిప్పినా కూర్చునేలా చెయ్యాలి. పదహారు మంది పాసయ్యారు. ముత్తయ్య ముక్క వెలుతురుకు పట్టి చూస్తే సందు కనపడలేదు. నలుగురు తప్పారు. వాళ్లు మూటలు కట్టుకుని పోయేటప్పుడు ఆవిడ బస్సు దాకా వచ్చి ఒక్కొక్కరికి ఒక ఆకురాయి ఇచ్చింది. వాళ్లు కాదు తప్పింది, నాకు ఇంకా కొంచెం కాలం కావాలి, అని ఆ రోజు నాలుగైదు సార్లు అంది. ఆవిడ దిగులుగా ఉండగా నేను చూసింది అప్పుడే.

ఆ కాలమే ఆవిడకు ఇవ్వలేదు. ఇంకో ఏడాది ఉంటానని దరఖాస్తు పెట్టుకుంది. మర్యాద లేని మనిషని, బోధన పద్ధతిగా లేదని ఎవరో రాశారు. ఎవరు రాశారో అందరికీ తెలుసు. దరఖాస్తు కుదరదని వచ్చిన హిందీ ఉత్తరం నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ విని, నా ఉపన్యాసం అంత బాగా లేదంటావా, అని అడిగింది. మొత్తం పనికాలంలో ఒక్క ఉపన్యాసమే మనసుపెట్టి ఇచ్చానని, దానికి ఫలితం కూడా వచ్చిందని, తన లెక్కలో ఇది మంచి ఏడాదేనని అంది.

ఆవిడ పోయిన రోజు స్టేషన్ నిండిపోయింది. పదహారు మంది ఉద్యోగం బట్టలు వేసుకుని వచ్చారు. కత్తిపీటల ఆడవాళ్లు వచ్చారు. సంత కమ్మరి తను చేసిన చిన్న గొడ్డలి తెచ్చాడు. దాన్ని విమానంలో పట్టుకుపోనిస్తారా అని ప్రిన్సిపాల్ గారు కంగారుపడ్డారు. ముత్తయ్య ఎర్రచీమల పచ్చడి ఆకులో కట్టి తెచ్చాడు. ఆవిడ అక్కడే విప్పి వేలితో తీసి నాకి, కళ్ల నీళ్లు పెట్టుకుని, అది కారం వల్లేనని మూడు భాషల్లో చెప్పింది. ఇంజను కూత వేశాక నన్ను దగ్గరికి పిలిచి చెవిలో ఒకటే చెప్పింది. కొత్త జట్టు వచ్చే సోమవారం వస్తోంది, వాళ్లతో పది రోజులు పాడు చెయ్యకు, మొదటి రోజే చేతికి ఆకురాయి ఇయ్యి, అని. అలా ఎందుకు చెప్తోందో నాకు అర్థం కాలేదు. నేను టైపిస్టును.

సోమవారం పొద్దున ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచారు. ఆవిడ స్థానంలో పై నుంచి ఎవరినీ వెయ్యలేదు, వేసేదాకా నువ్వు చూడు, అన్నారు. నాకే అప్పగించమని ఆవిడ వెళ్లే ముందు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఆయన చేతికి ఇచ్చిందట. ఆయనకు భయంగానే ఉన్నట్టుంది, అయినా పని నాకే ఇచ్చారు. నేను చీర కొంగు బొడ్లో దోపుకుని వర్క్‌షాపులోకి పోయాను. కొత్తవాళ్లు పద్దెనిమిది మంది ఆడమనిషిని చూసి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నాకు మాట రాలేదు. అదే మేలైంది. మొదటివాడి వెనక నిలబడి ఆకురాయి చేతికిచ్చి, నా చేతులు అతని చేతుల మీద పెట్టాను.

పై నుంచి ఎవరూ రాలేదు. చూస్తూ చూస్తూ నాలుగు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం, వర్క్‌షాపు మూసే వేళకు, గుమ్మంలో నాన్న కనపడ్డాడు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. ఒళ్లంతా ఎర్ర దుమ్ము. ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి. ముత్తయ్య కూడా ఏదో పని మీద గని నుంచి వచ్చి అక్కడే ఉన్నాడు. నాన్న ఎవరి వైపూ చూడకుండా భుజం మీది సుత్తి దింపి నా బల్ల మీద పెట్టాడు.

“దీని మొకం సూడు, అంచులు పగిలి పూసిపోనాయి. దెబ్బేస్తే పెచ్చులెగురుతున్నాయి. నిన్న కంట్లో పడబోయింది,” అన్నాడు. ఆగి, గొంతు తగ్గించి, “నువ్వు సేస్తావేటి?” అన్నాడు.

నేను సుత్తిని సానచక్రం మీద పట్టి, పువ్వులా విచ్చుకుని పూసిన అంచులన్నీ తీసి, వైసులో బిగించి, ఆకురాయితో చుట్టూ నునుపు చేశాను. అరగంట పట్టింది. ఆ అరగంటా నాన్న నా చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు. విప్పి ఇస్తే రెండుసార్లు గాల్లో ఆడించి భుజానికెత్తుకున్నాడు. గుమ్మం దాకా పోయి ముత్తయ్య పక్కన ఆగాడు.

“మా అమ్మాయే,” అన్నాడు.

అది అక్కడ ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతే. ముత్తయ్య మాత్రం ఇప్పుడే విన్నట్టు, “అట్లనా పెద్దయ్యా,” అని నెత్తి మీది రుమాలు తీసి దండం పెట్టాడు.